రోకలిబండ డబ్బాలో మైట్లు: ఆరబెట్టాలా, కడగాలా, మట్టంతా మార్చాలా?

మీరు డబ్బాలో పెంచుకునే రోకలిబండ (దంచే రోకలి కాదు, చుట్ట చుట్టుకునే బోలెడు కాళ్ళ జీవి, సహస్రపాది) ఒంటిమీద ఎవరో పిండి చల్లినట్టు కనిపించి, వంగి చూస్తే ఆ పిండి కదులుతోందనుకోండి. ఎవరికైనా ఒళ్ళు జలదరిస్తుంది. వెంటనే ఏదో ఒకటి చేసెయ్యాలనిపిస్తుంది. ఆ చేసెయ్యడానికి ముందు ఒక్కరోజు ఆగి ఇది చదవమని నా మనవి. నేను ఒక రోకలిబండను పోగొట్టుకున్నది మైట్లనే ఈ నల్లి జాతి జీవుల వల్ల కాదు, మైట్లను వదిలించాలన్న తొందర వల్ల.

మేం ఉండేది చెన్నైలో, కోడంబాకంలో. సొంతూరు నెల్లూరు దగ్గర. ఒక కార్తీకం వానల్లో ఊరికి వెళ్ళినప్పుడు మా బంధువుల పూరింటి చూరులోంచి నలుపు మీద ఎర్ర చారలున్న రోకలిబండలు పొలోమని రాలుతుంటే, మావాడు రెంటిని అరచేతిలో పెట్టుకుని ఇక వదల్లేదు. దక్షిణాదిలో తాటాకు కప్పుల్లో, గడ్డి కప్పుల్లో గుంపులుగా చేరే జాతి అది, శాస్త్రం పేరు జెనోబోలస్ కార్నిఫెక్స్. ఇక్కడ తమిళులు మరవట్టై అంటారు. తర్వాత ఇంకో మూడు చేరాయి. (గిండీ జాతీయ ఉద్యానంలోంచి మాత్రం పురుగునే కాదు, దాని కింద ఆకును కూడా తేకండి. అది చట్టం కాపాడే చోటు.)

మైట్లు అంటే ఏమిటో మన రైతులకు బాగా తెలుసు. మిరపకు పట్టే నల్లి, కొబ్బరికి పట్టే నల్లి, అన్నీ ఈ జాతే. కీటకాలకు ఆరు కాళ్ళు, వీటిలో చాలావాటికి ఎనిమిది. సాలీళ్ళకు దాయాదులు. పక్కనే బెంగుళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయంలో, అందరూ జీకేవీకే అనే ఆవరణలో, ఒక్క వీటి మీదే అఖిల భారత పరిశోధన ప్రాజెక్టు నడుస్తోందంటే ఎన్ని రకాలో ఊహించుకోండి. ఎన్ని రకాలున్నాయో మన డబ్బాలో ఉన్నవాటికి అంత ముఖ్యం కాదు గానీ, ఏ రకం అన్నది మాత్రం చాలా ముఖ్యం. మందు సంగతి తర్వాత, ముందు చూపు.

ముందు భూతద్దం పట్టుకోండి

10 రెట్లు పెద్దగా చూపించే చిన్న భూతద్దం, నీళ్ళరంగుల కుంచె, ఒక తెల్ల కాగితం. ఈ మూడూ లేకుండా ఏ నిర్ణయమూ తీసుకోకండి. డబ్బా గోడ మీద కదిలే చుక్కను కుంచె కొనతో తాకండి. టక్కున ఎగిరి అవతల పడితే అది మైటు కాదు, స్ప్రింగ్‌టెయిల్. కాస్త పొడవాటి తెల్లటి ఒళ్ళు, ముందు రెండు మీసాలు ఉంటాయి. అవి మీ స్నేహితులు, బూజు తిని బతుకుతాయి. వాటిని చూసి భయపడి డబ్బా మొత్తం కడిగేసినవాళ్ళు నాకు తెలుసు. మైటు ఎగరదు, గుండ్రంగా ఉండి పాకుతుంది.

పాకేవాటిలో కూడా ముదురు గోధుమ రంగులో, గట్టి పెంకుతో, ఆవగింజలో పదోవంతు ఉండి నత్తనడక నడిచేవి ఆకు కుళ్ళు తినేవి. అవి రోకలిబండ జోలికి రావు, మర్చిపోండి. ఒంటిమీద రెండో మూడో కాస్త పెద్దవి, చురుగ్గా పరిగెత్తుతూ, కణుపు సందుల్లోకి దూరుతూ కనిపిస్తే అవీ చాలావరకు కాపురం చేసే అతిథులే. పెద్ద జాతి ఆఫ్రికా రోకలిబండల ఒంటిమీద ఇలాంటివి అడవిలోనే ఉంటాయి. ఒంటి మీది మురికిని తింటూ తిరుగుతాయి, వాటిని తీసే పనిలో జంతువును నలిపెయ్యడమే నష్టం.

మనకు తలనొప్పి తెచ్చేవి మూడోరకం. పాత రవ్వలో, నిల్వ పిండిలో పట్టేవాటికి చుట్టాలు. పాలిపోయిన తెలుపు, మెత్తటి ఒళ్ళు, మందగమనం. తిండి ముక్క కింద, గోడల తేమ మీద గుంపుగా ఉంటాయి. చెన్నై వేడికి, తేమకి రెండు మూడు వారాల్లోనే ఒక తరం తయారవుతుంది. ఇవి రోకలిబండ రక్తం తాగవు. కానీ వందలూ వేలూ అయ్యాక దాని కాళ్ళ సందుల్లో, నోటి చుట్టూ కిక్కిరిసిపోతాయి. రోకలిబండ ఊపిరి తీసుకునే రంధ్రాలు కాళ్ళ మొదళ్ళ దగ్గర, కడుపు వైపే ఉంటాయి. బాధంతా అక్కడ.

వీటిలో కొన్నింటికి ఒక మధ్యదశ ఉంది, దాన్ని అర్థం చేసుకుంటే సగం సమస్య తీరినట్టే. తిండి తగ్గినా, తేమ తగ్గినా పిల్ల మైటు ఒక ప్రయాణపు రూపం దాలుస్తుంది. లేత గోధుమ రంగు, తాబేటి చిప్ప లాంటి ఒళ్ళు, పనిచేసే నోరు లేదు. అడుగున చూషకాలతో ఏదైనా జంతువుకు అంటుకుని, ఇంకో మంచి చోటు దొరికేదాకా నెలల తరబడి అలా ఉండిపోగలదు. మీ రోకలిబండ మీద ఇసుక రేణువుల్లా కదలకుండా అతుక్కున్నవి ఇవే అయ్యుండొచ్చు. అవి దాన్ని తినడంలేదు, బస్సెక్కి కూర్చున్నాయంతే. కాకపోతే ప్రయాణికులు మరీ ఎక్కువైతే బస్సు నడవలేదు.

ఇక చివరిది, ఎర్రగా ఉబ్బి, కణుపుకీ కణుపుకీ మధ్య మెత్తటి చోట నోరు గుచ్చి కదలకుండా ఉండేది. నిజమైన పరాన్నజీవి అంటే ఇదే. బయటినుంచి తెచ్చిన జంతువు మీద ఒకటో రెండో ఉండొచ్చు. దీన్ని కుంచెతో నెట్టాలి, రాకపోతే సన్నటి పట్టకారుతో నిదానంగా తీసెయ్యాలి. ఇంకో ఆలోచన అక్కర్లేదు.

ఇప్పుడు అసలు ఎంపిక. ఇకనుంచి చెప్పేదంతా ఆ తెల్ల మైట్ల గురించి, వాటి ప్రయాణపు రూపం గురించి.

ఆరబెట్టి, ఎర పెట్టడం

నేను ఎవరికైనా మొదట చెప్పేది ఇదే. ఇందులో జంతువును ముట్టుకునే పని లేదు.

ఈ మైట్లకు గాలిలో తేమ 65 శాతం కన్నా తగ్గితే కష్టం. రోకలిబండకేమో 75, 80 ఉండాలి. కాబట్టి డబ్బా మొత్తాన్ని ఎండబెడితే ముందు పోయేది మనదే. చెయ్యాల్సింది పైపొరను ఆరనిచ్చి, అడుగు పొరను తడిగా ఉంచడం. నీళ్ళు పైనుంచి చిలకరించడం ఆపండి. ఒక మూల గొట్టం గుచ్చి (పాత పెన్ను గొట్టం చాలు) దాంట్లోంచి కొద్దికొద్దిగా అడుక్కి పోయండి. మట్టి లోతు కనీసం జంతువు పొడవంత ఉంటే అది తనకు కావలసిన తేమ ఉన్న చోటికి తనే దిగుతుంది. మూతకే కాకుండా ఎదురెదురు గోడలకు కూడా రంధ్రాలుండాలి, గాలి ఒకవైపునుంచి వచ్చి ఇంకోవైపు పోవాలి. వానాకాలం చెన్నైలో బయట గాలే తడిగుడ్డలా ఉంటుంది కాబట్టి ఫ్యాను గాలి తగిలే గదిలో పెట్టండి, నేరుగా ఫ్యాను కింద మాత్రం వద్దు.

ఎర అంటే రాత్రి పడుకోబోయే ముందు సొరకాయ చెక్కో, కీరదోస చెక్కో కోసిన వైపు మట్టికి ఆనేలా పెట్టడం. తెల్లారి అది తీసి తిప్పి చూడాలి. నేను మొదటిసారి తిప్పినప్పుడు సొరకాయ అడుగున గింజల మధ్య పల్లాలన్నీ బూడిద నింపినట్టున్నాయి. భూతద్దంలో ఆ బూడిదంతా ఒకదాని వీపు మీంచి ఒకటి ఎక్కి దిగుతోంది. ఆ ముక్కను వేడినీళ్ళలో వేసి పారబోశాను. చెత్తబుట్టలో వెయ్యకండి, అక్కణ్ణించి మళ్ళీ నడిచొస్తాయి. రోజూ ఇదే పని. ఆరేడు రోజులకు బూడిద చుక్కలయింది, మూడో వారానికి లెక్కపెట్టగలిగాను, 20 లోపే. ఆ ముక్కే మీ థర్మామీటరు కూడా. ఉదయం ఎన్ని ఉన్నాయో కాగితం మీద రాసుకోండి, తగ్గుతోందా పెరుగుతోందా తెలుస్తుంది.

ఈ పద్ధతిలో ఒక చిక్కుంది, తెలియకపోతే మధ్యలో వదిలేస్తారు. పైపొర ఆరుతున్నకొద్దీ నేను పైన చెప్పిన ప్రయాణపు రూపాలు ఎక్కువవుతాయి, అవి జంతువు మీదికే ఎక్కుతాయి. అంటే మొదటి పది రోజుల్లో మట్టిలో తగ్గి ఒంటిమీద పెరిగినట్టు కనిపించొచ్చు. పద్ధతి విఫలమైందని కాదు. అప్పుడే రెండో పద్ధతి చేతికందుకోవాలి.

తిండి విషయం ఇక్కడే చెప్పాలి. చేప మేత, కుక్క బిస్కట్టు లాంటివి బలానికి మంచివే గానీ తడి మట్టి మీద ఒక్కరాత్రి ఉంటే చాలు, మైట్లకు పెళ్ళి భోజనం. వారానికోసారి, చిన్న మూతలో, పొద్దునకల్లా తీసెయ్యాలి. సున్నం కోసం గుడ్డుపెంకు పెట్టేవాళ్ళు లోపలి పొర తీసి, బాగా ఉడికించి, ఎండబెట్టి పెట్టండి. మైలాపూరు కచ్చేరీ రోడ్డులో నాటుమందుల కొట్లలో దొరికే సముద్రపు నురుగు ఇంకా మంచిది. అది కటిల్ చేప ఎముకే, దానికి బూజు పట్టదు.

కడగడం

ఒంటిమీద, ముఖ్యంగా కాళ్ళ సందుల్లో కుప్పలుగా ఉంటే, నడక మందగిస్తే, తిండి మానేస్తే కడగాలి. ఊరికే నాలుగు చుక్కలు కనిపించాయని కడగకండి. కడిగించుకోవడం దానికి వేడుక కాదు.

మెట్రో నీళ్ళలో, అంటే నగరం కుళాయి నీళ్ళలో, క్లోరిన్ ఉంటుంది, మా వీధి బోరు నీళ్ళు ఉప్పన. కేన్ నీళ్ళు గానీ, రాత్రంతా మూత తీసి ఉంచిన కుళాయి నీళ్ళు గానీ గోరువెచ్చగా కూడా కాదు, గది వేడికి తెచ్చి వాడండి. చేతికి తొడుగు వేసుకోండి. భయపడితే ఇది కణుపుల పక్కనుంచి పసుపుపచ్చటి ద్రవం వదులుతుంది. బెంజోక్వినోన్ అనే రసాయనం. వేళ్ళకు గోధుమ మరక పడి నాలుగైదు రోజులు పోదు, కంటికి తగిలితే మంట. పిల్లలున్న ఇంట్లో ఈ ఒక్కటీ గట్టిగా చెప్పి ఉంచాలి.

అరచేతిలో పెట్టుకోగానే చుట్ట చుట్టుకుంటుంది. విప్పాలని చూడకండి. కదలకుండా కూర్చుంటే రెండు నిమిషాలకు మీసాలు రెండూ బయటపెడుతుంది, తర్వాత తల, తర్వాత కాళ్ళు అలలా ఒకదాని వెనక ఒకటి తెరుచుకుంటాయి. అప్పుడు సన్నటి ధారగా నీళ్ళు పోస్తూ తలవైపునుంచి తోకవైపుకు మాత్రమే కుంచె నడపాలి. ఎదురు దిశలో నడిపితే కణుపు అంచుల్లోకి మైట్లను మనమే తోసినట్టవుతుంది. కడుపు వైపు, కాళ్ళ వరసల మధ్య గాడిలో ఎక్కువ శ్రద్ధ పెట్టండి. దీని పేరు సహస్రపాది అయినా నిజంగా వెయ్యి దాటిన కాళ్ళున్న జాతి ఆస్ట్రేలియాలో దొరికిందని 2021లో ప్రకటించేదాకా ప్రపంచానికి తెలియదు, దానికి 1306. మనదానికి అన్ని లేకపోయినా చాలా కణుపులకు రెండేసి జతల చొప్పున చాలినన్ని ఉన్నాయి, ఓపిక కావాలి. నీళ్ళలో ముంచి ఉంచకండి, ఊపిరి రంధ్రాలు మునుగుతాయి. ఒక నిమిషం ధార, ఒక నిమిషం విరామం, మొత్తం ఐదు నిమిషాలు మించకూడదు.

కడిగాక తిరిగి పాత డబ్బాలో వేస్తే కడిగింది వృథా. తడిపి పిండిన తెల్ల టిష్యూ కాగితం పరిచిన చిన్న డబ్బాలో ఉంచి, కాగితం రోజూ మార్చండి. తెల్ల కాగితం మీద రాలినవి కంటికి కనపడతాయి, అది ఇంకో లాభం. రెండు మూడు రోజులకోసారి చొప్పున మూడుసార్లు కడిగితే చాలా తేటపడుతుంది. కాగితం మీద రెండు వారాలకు మించి ఉంచకండి. రోకలిబండకు మట్టి పరుపు మాత్రమే కాదు, అన్నం కూడా. కుళ్ళిన ఆకు, పుచ్చిన కట్టె తిని బతికే జీవికి సొరకాయ ముక్క పథ్యం లాంటిది.

పొడి కోకోపీట్‌లోనో (కొబ్బరి పీచు పొట్టు), సన్న ఇసుకలోనో, గోధుమపిండిలోనో దొర్లించి మైట్లను రాల్చేవాళ్ళు ఉన్నారు. పొడి కోకోపీట్‌లో ఒక పావుగంట నడవనివ్వడం వరకు నాకు అభ్యంతరం లేదు, ప్రయాణపు రూపాలు కొన్ని రాలతాయి. పిండి మాత్రం వద్దు. తడి తగిలి ముద్ద కట్టి ఊపిరి రంధ్రాల్లో బిగుస్తుంది, మిగిలినది బూజు పట్టి మళ్ళీ మైట్లకే మేత.

మట్టంతా మార్చడం

చూడ్డానికి ఇదే తిరుగులేని మార్గంలా ఉంటుంది. నేను మొదట ఎంచుకున్నదీ ఇదే, అందుకే దీని గురించి ఎక్కువ చెబుతాను.

ఆ వానల్లో మైట్లు చూడగానే డబ్బాను బాల్కనీలో పాత పేపరు మీద బోర్లించాను. నాలుగు దొరికాయి. అయిదోది, మావాడు చుట్టమ్మ అని పిలుచుకునేది, కనిపించలేదు. మట్టిపెళ్ళ ఒకటి చేత్తో చిదిమాను. లోపల నున్నగా అద్దినట్టున్న గుండ్రటి గది, అందులో చుట్టుకుని చుట్టమ్మ. నల్లగా లేదు. కొబ్బరి ముక్కలా తెల్లగా, తాకితే లోపలికి నొక్కుకుపోయేంత మెత్తగా ఉంది. పక్కనే వదిలిన కుబుసం, సగం తిని ఉంది. కుబుసం విడిచిన రోకలిబండ ఆ గదిలోనే రోజుల తరబడి పడుకుని, తన పాత పెంకును తనే తిని, సున్నం నింపుకుని గట్టిపడుతుంది. ఆ గది పగిలితే దానికి ఇల్లూ వాకిలీ రెండూ పోయినట్టే. మళ్ళీ మట్టి కప్పాను. రెండోరోజుకు చనిపోయింది. మావాడు అడిగాడు, "అమ్మా, దానికి మైట్లు ఉన్నాయా?" అని. ఒక్కటీ లేదు. ఆ మట్టిగదిలోకి ఒక్క మైటు కూడా చేరలేదు.

అందుకే మట్టి మార్చాలంటే ముందు తలలు లెక్కపెట్టండి. అన్నీ పైన కనిపిస్తున్నాయా? వారం రోజులుగా ఏదైనా కనిపించడంలేదా? కనిపించకపోతే మట్టి ముట్టుకోకండి, ఆరబెట్టి ఎర పెట్టే పద్ధతికే పొండి. ఆడామగా కలిసి ఉన్న డబ్బా అయితే గుడ్లు కూడా మట్టి ఉండల్లోనే ఉంటాయని గుర్తుంచుకోండి. తప్పనిసరైతే పైన రెండు అంగుళాలు మాత్రం తీసి కొత్తది వెయ్యండి. మైట్లు ఎక్కువ ఉండేది అక్కడే, పడుకునే గదులుండేది అడుగున.

అన్నీ పైనే ఉన్నాయని తేలితే, మట్టి పుల్లటి వాసన వేస్తుంటే, బురదలా ముద్ద కట్టి ఉంటే అప్పుడు పూర్తిగా మార్చడం సరైన నిర్ణయమే. ఆ మట్టి ఎలాగూ జంతువుకు పనికిరాదు. డబ్బాను మరిగే నీళ్ళతో కడిగి ఎండలో ఆరబెట్టండి. కొత్త మట్టిని, ఆకును శుద్ధి చెయ్యడంలో నేను చేసి చూసినవి మూడు. ఫ్రీజర్లో వారం పెట్టడం తేలిక, కానీ ఈ మైట్ల గుడ్లు చలికి ఓర్చుకోగలవు, దాని మీదే ఆధారపడను. మేడమీద నల్ల కవరులో కట్టి కత్తిరి ఎండల్లో పెట్టడం మేలో అద్భుతంగా పనిచేస్తుంది, రోజూ కవరు తిరగెయ్యాలి, లేకపోతే నడుమ చల్లగా ఉండిపోతుంది. మైట్లు పట్టేదేమో నవంబరులో, అప్పుడు ఎండ ఎక్కడిది? నాకు కుదిరింది ఆవిరి. పాత ఇడ్లీ పాత్ర ఒకటి దీనికే కేటాయించాను. తడిపిన ఆకును, మట్టిని గుడ్డలో కట్టి అరగంట ఆవిరి పట్టిస్తే గుడ్లతో సహా పోతాయి.

కానీ ఆవిరి పట్టిన మట్టిలో మైట్లే కాదు, మంచివి కూడా పోతాయి. పోటీ లేని చోట బూజు రెండు వారాల్లో తెల్లగా విరుచుకుపడుతుంది. ఆ బూజే మైట్లకు విందు. శుద్ధంగా చేశాం కదా, మళ్ళీ ఎక్కణ్ణించి వచ్చాయి అని తలపట్టుకునేవాళ్ళకు జరిగేది ఇదే. కొత్త మట్టి వేసిన రోజే స్ప్రింగ్‌టెయిల్స్ గుప్పెడు వదలండి, అవి ముందు చేరి బూజును తినేస్తాయి.

ఆకు ఏరుకోవడంలో మన ఊళ్ళో ఒక ప్రమాదం ఉంది. చెన్నై వీధుల్లో నీడనిచ్చే చెట్లలో వేప, కానుగ ఎక్కువ. రెండింట్లోనూ పురుగులను చంపే గుణం ఉంది, రోకలిబండకు రెండూ వద్దు. యూకలిప్టస్ కూడా వద్దు. బాదం చెట్టు రాలుటాకులు, పనస, మర్రి, రావి ఆకులు, బాగా పుచ్చి తెల్లబారిన కట్టె మంచివి. దోమల పొగ కొట్టే వీధిలో ఏరకండి. తెలిసినవాళ్ళ పెరడు అన్నిటికన్నా నయం.

మైట్లను తినే మైట్లు

విదేశాల్లో పెంచేవాళ్ళు ఎక్కువగా నమ్మేది దీన్ని. పాత పుస్తకాల్లో హైపోయాస్పిస్ మైల్స్, ఇప్పటి పేరు స్ట్రాటియోలేలాప్స్ సిమిటస్. మట్టి పైపొరలో ఉండి చిన్న మైట్లను, ఈగ పిల్లలను వేటాడుతుంది. జంతువును ముట్టుకోదు, మట్టి కదపక్కర్లేదు, వేట అయిపోయాక తిండి లేక తనే తగ్గిపోతుంది. కుబుసంలో ఉన్న జంతువులున్న డబ్బాకు నిజానికి ఇంతకన్నా మంచి మార్గం లేదు. కానీ పక్కవీధిలో అడిగి తెచ్చుకునే వస్తువు కాదు, ప్రాణమున్నది కాబట్టి కొరియర్లో ఎండకు చచ్చినది వస్తే డబ్బు దండగ. స్ప్రింగ్‌టెయిల్స్‌ను కూడా తింటుంది, అతుక్కున్న ప్రయాణపు రూపాల మీద పెద్దగా పనిచెయ్యదు. తోటల కోసం అమ్మే, ఆకుల మీది ఎర్రనల్లిని తినే మైట్లు వేరు. అవి మట్టిలో బతకవు, "మైట్లను తినే మైటే కదా" అని అవి కొనకండి.

స్ప్రింగ్‌టెయిల్స్ మైట్లను తినవు. మైట్ల తిండిని తింటాయి. ఫలితం నెమ్మదిగా వస్తుంది, కానీ నిలుస్తుంది. ఒకసారి తెచ్చుకుంటే బొగ్గు ముక్కలు, నీళ్ళు, చిటికెడు బియ్యంతో గాజు సీసాలో మీరే పెంచుకోవచ్చు. ఈ రెండింట్లో ఒకటి ఎంచుకోమంటే, మన పరిస్థితుల్లో నేను స్ప్రింగ్‌టెయిల్సే అంటాను.

పొడులు, మందులు, వంటింటి చిట్కాలు

మైట్లు మొదటిసారి పట్టినప్పుడు పెంపుడు జంతువుల దుకాణంలో అడిగితే కుక్కల గోమార్లకు వాడే పొడి చేతిలో పెట్టి "చిటికెడు చల్లండి, పోతాయి" అన్నారు. ఇంటికొచ్చి చుట్టూ ఉన్న చిన్న అక్షరాలు చదివితే పర్మెత్రిన్. అది కుక్కకు సరిపడొచ్చు. రోకలిబండ కుక్క కన్నా మైటుకే దగ్గర. కీళ్ళ కాళ్ళున్నవాటిని చంపే మందు మైటునీ దీన్నీ వేరుచేసి చూడదు. చీమల చాక్‌పీసు, దోమల స్ప్రే, పురుగుల గోళీలు అన్నీ ఇంతే. డబ్బా ఉన్న గదిలో కూడా వాడకండి. వేపనూనె మనకు అమృతంలా అనిపిస్తుంది గానీ అందులోని అజాడిరాక్టిన్ పనే కుబుసం విడవకుండా అడ్డుకోవడం. డయాటమ్ మట్టిపొడి పెంకు మీది మైనాన్ని గీకి ఒంట్లో తేమ లాగేస్తుంది, మైటుకైనా మనదానికైనా.

మా అత్తయ్య అప్పుడు మాతోనే ఉన్నారు. "అమ్మాయ్, కాస్త పసుపు చల్లకూడదూ?" అన్నారు. పసుపుకూ పురుగులను తరిమే గుణం ఉంది, పైగా సన్నటి పొడి, అందుకే వద్దు అత్తయ్యా అని ఊపిరి రంధ్రాల సంగతి చెప్పాను. ఆవిడ కాసేపు డబ్బా వైపు చూసి, "అయితే నేతిగిన్నెను చీమలకు ఎలా కాపాడుకుంటాం? నీళ్ళ పళ్ళెంలో పెట్టు" అన్నారు. అన్నిటికన్నా చవకగా, ఎక్కువకాలం పనికొచ్చిన సలహా అది. పళ్ళెంలో నీళ్ళు, అందులో ఒక బొట్టు గిన్నెల సబ్బు, నడుమ ఇటుకముక్క మీద డబ్బా. ఒక డబ్బాలోని మైట్లు పక్క డబ్బాలోకి పాకవు, వంటింటి పిండిలోంచి ఇటు రావు. డబ్బా పై అంచు లోపలివైపు వేలి మందాన వాజలీన్ గీత కూడా గీస్తే గోడ ఎక్కినవి అక్కడే ఆగిపోతాయి, తడి గుడ్డతో తుడిచెయ్యొచ్చు.

మీ పరిస్థితికి ఏది?

మట్టి మీద, తిండి దగ్గర మైట్లున్నాయి, జంతువు హాయిగా తిరుగుతోంది అంటే ఆరబెట్టి ఎర పెట్టండి, స్ప్రింగ్‌టెయిల్స్ వదలండి. మూడు వారాలు గడిచేదాకా ఇంకేమీ చెయ్యకండి. ఒంటిమీద కూడా కుప్పలుగా ఉంటే ఎర ఆపకుండానే కడగడం కలపండి. డబ్బాలో కుబుసంలో ఉన్నది ఒక్కటైనా ఉందనిపిస్తే పైకి వచ్చినవాటిని మాత్రమే తీసి కడిగి కాగితం డబ్బాలో పెట్టి, పడుకున్నదాన్ని పడుకోనివ్వండి. అది లేచాక చూసుకోవచ్చు. మట్టే చెడిపోయి, అన్నీ పైనే ఉంటే తప్ప పూర్తిగా మార్చకండి. నాలుగైదు డబ్బాలుండి ఏటేటా ఇదే బాధ పడేవాళ్ళు మాత్రం వేటాడే మైట్లను తెప్పించుకునే ప్రయత్నం చెయ్యొచ్చు, చలికాలంలో, ఉదయం చేరేలా చూసుకుని.

తగ్గాయనుకున్నాక కూడా సొరకాయ ముక్కను ఇంకో ఆరు వారాలు, వారానికి రెండు రాత్రులు పెడుతూ ఉండండి. నోరులేని ఆ ప్రయాణికులు దిగి మళ్ళీ కాపురం పెట్టేది ఆ రోజుల్లోనే. కొత్త రోకలిబండను తెచ్చినా, కొత్త ఆకు తెచ్చినా నెలరోజులు వేరే డబ్బాలో, వేరే నీళ్ళ పళ్ళెంలో. మా ఇంట్లో ఆ పళ్ళెంలో నీళ్ళు మార్చడం ఇప్పుడు మావాడి పని. బడికి వెళ్ళేముందు సొరకాయ ముక్క తిప్పి, లెక్క గోడ క్యాలెండరు మీద రాసి వెళ్తాడు. నిన్నటి గడిలో 3 అని ఉంది.